స్టీల్ కండ్యూట్ పైపును కొలతకి సరిపడా వంచడం ఎలా?

"మూలమట్టం పెట్టి చూస్తే 90 డిగ్రీలు కరెక్టుగానే ఉంది. కానీ బిగించబోతే పైపు బాక్సు దాటి పది సెంటీమీటర్లు పైకి పోయింది. లెక్క ఎక్కడ తప్పింది?"

అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఎలక్ట్రీషియన్ ట్రైనీలుగా చేరిన మన పిల్లలు దాదాపు అందరూ ఈ ప్రశ్న అడుగుతున్నారు. ఐటీఐలో ఎక్కువగా పీవీసీ పైపుతో పని నేర్పుతారు. లోపల స్ప్రింగు దూర్చి, మోకాలికి ఆనించి వంచితే పని అయిపోతుంది, కొంచెం అటూ ఇటూ అయినా పైపు సాగి సర్దుకుంటుంది. పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ఫ్యాక్టరీ షెడ్డు పనికి వెళ్లాక చేతికి స్టీల్ కండ్యూట్ (లోపల వైర్లు వెళ్లే పైపు) వస్తుంది. అది సర్దుకోదు. 5 మి.మీ. తప్పినా బాక్సు రంధ్రంలోకి దిగదు. పక్కన సీనియర్ కంటి అంచనాతోనే వంచేస్తుంటాడు, అడిగితే "చేతికి అలవాటు కావాలి" అంటాడు. అలవాటు అయ్యేదాకా ఆగక్కర్లేదు. మీరు వాడే మెషిన్‌కి రెండు నెంబర్లు ఉంటాయి. అవి తెలిస్తే మొదటి రోజే సరిగ్గా వంచొచ్చు.

ఇక్కడి లెక్కలన్నీ 25 మి.మీ. పైపుకి చెబుతున్నాను. 20కైనా 32కైనా పద్ధతి ఇదే, నెంబర్లు మాత్రం మారతాయి.

ముందు పైపు, ఫార్మర్ జత చూసుకోండి

మెషిన్‌లో పైపు కూర్చునే గాడి ఉన్న అర్ధచంద్రాకారపు దిమ్మెను ఫార్మర్ అంటారు. ఎక్కువ పైపులు పాడయ్యేది దీని దగ్గరే.

మన కండ్యూట్ సైజు అంటే బయటి వ్యాసం. 25 మి.మీ. కండ్యూట్ బయట కొలిస్తే 25 ఉంటుంది, గోడ మందం మామూలుగా 1.6 మి.మీ. నీళ్ల పైపు సైజు లోపలి వ్యాసాన్ని బట్టి చెబుతారు. అర అంగుళం జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు బయట కొలిస్తే సుమారు 21 మి.మీ., ముప్పావు అంగుళం పైపు సుమారు 27 మి.మీ. ఉంటుంది. పైగా నీళ్ల పైపు గోడ దళసరిగా ఉంటుంది. అద్దెకి తెచ్చే హైడ్రాలిక్ బెండర్లతో చాలాసార్లు నీళ్ల పైపు ఫార్మర్లే వస్తాయి. 25 కండ్యూట్‌ని ముప్పావు అంగుళం ఫార్మర్‌లో పెడితే పక్కల ఖాళీ మిగులుతుంది. వంచగానే పైపు ఆ ఖాళీలోకి వెడల్పవుతుంది, మధ్యలో సొట్ట పడుతుంది. అమెరికా వీడియోల్లో కనిపించే ఈఎమ్‌టీ (అక్కడి పలచటి గోడ స్టీల్ కండ్యూట్) బెండర్ కూడా మన సైజులకి సరిపోదు. అక్కడి ముప్పావు అంగుళం ఈఎమ్‌టీ పైపు బయటి వ్యాసం 23.4 మి.మీ.

ఫార్మర్ మీద చెక్కిన సైజు చదవండి. తర్వాత ఒక ముక్కను గాడిలో పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. పైపు పక్కలకి కదిలితే ఆ ఫార్మర్ వద్దు. బీవీకే అయ్యంగార్ రోడ్డులోనో, ఎస్పీ రోడ్డులోనో కొనడానికి వెళ్తే పైపు ముక్కను సంచిలో వేసుకుని వెళ్లండి. షాపులో నోటితో సైజు చెప్పే బదులు గాడిలో పెట్టి చూసుకోవచ్చు.

కావలసినవి

- 25 మి.మీ. స్టీల్ కండ్యూట్, దానితోపాటు ప్రాక్టీసుకి 700 మి.మీ. ముక్కలు రెండు మూడు
- బెండింగ్ మెషిన్ (చేతి బెండర్, స్టాండు మీద ఉండేది, హైడ్రాలిక్: ఏదైనా సరే), సరైన ఫార్మర్
- స్టీల్ టేపు, సన్న మొన మార్కర్
- మూలమట్టం, రసమట్టం
- పైపు వైస్, హాక్సా (అంగుళానికి 24 లేదా 32 పళ్ల బ్లేడు)
- గుండ్రటి ఆకురాయి లేదా రీమర్
- కండ్యూట్ డై సెట్ (పైపు చివర మర తీసేది), కొంచెం ఆయిల్
- అర మీటరు పొడవు ఎల్ యాంగిల్ ముక్క. ఇది ఎందుకో గుర్తులు పెట్టేటప్పుడు చెబుతాను.
- గ్లౌజులు, కళ్లద్దాలు, సేఫ్టీ షూ

నీళ్ల పైపు డైతో కండ్యూట్‌కి మర తీయకండి. అది చివరికి సన్నబడే మర వేస్తుంది. కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) సగం దాకా వెళ్లి బిగుసుకుపోతుంది.

1. మీ మెషిన్ నెంబర్లు తీయండి

ఈ పని పావుగంట పడుతుంది. దీన్ని వదిలేసిన వాళ్లే రోజంతా పైపులు పారేస్తారు.

సరిగ్గా 700 మి.మీ. ముక్క కోయండి. ఒక చివర నుంచి 300 దగ్గర చుట్టూ గుర్తు పెట్టండి. ఫార్మర్ మీద బాణం గుర్తుంటే దానికి ఈ గీతను కలపండి. బాణం లేకపోతే, గాడి వంపు మొదలయ్యే చోట ఆకురాయితో మీరే ఒక గాటు పెట్టుకోండి. ఇకమీదట ఈ మెషిన్ మీద ప్రతి పైపూ ఆ గాటుకే కలపాలి. 300 మి.మీ. ఉన్న చివర గాటుకి ఏ వైపు ఉందో కూడా గుర్తుంచుకోండి.

90 డిగ్రీలు వంచండి. మూలమట్టంతో చూసి కచ్చితంగా 90 చేశాకే కొలవండి. 88 దగ్గర కొలిస్తే రెండు నెంబర్లూ తప్పే.

ఇప్పుడు ముక్కను నేల మీద పెట్టి, 300 పెట్టిన కాలు (వంపుకి ఆ పక్కనున్న తిన్నటి భాగం) నిలువుగా లేచేలా ఉంచండి. నేల నుంచి ఆ కాలు చివర వరకు కొలవండి. 412 వచ్చిందనుకుందాం. 412 లోంచి 300 తీస్తే 112. ఇది మొదటి నెంబరు. వంపు తినే కొలత ఇదే, పైన అడిగిన ప్రశ్నలో తేడా వచ్చింది కూడా ఇక్కడే.

రెండో కాలు కూడా అలాగే, మొదటి కాలు బయటి వీపు నుంచి చివర వరకు కొలవండి. 356 వచ్చిందనుకుందాం. 412, 356 కలిపితే 768. కోసింది 700 మాత్రమే. తేడా 68. ఇది రెండో నెంబరు. మూల తిరగడానికి పైపు అడ్డదారి పడుతుంది కాబట్టి అంత పైపు మిగులుతుంది.

నేను చెప్పిన 112, 68 ఉదాహరణ కోసమే. 25 మి.మీ. పైపుని 100 మి.మీ. రేడియస్ ఫార్మర్ మీద వంచితే దాదాపు ఇవే వస్తాయి, కానీ మీ మెషిన్‌కి మీరు తీసిన నెంబర్లే వాడండి. వాటిని పెయింటుతో మెషిన్ మీదే రాసేయండి. మన సైట్లలో ఫోర్‌మన్ కన్నడలో, హెల్పర్ తమిళంలో, పైపు మోసేవాళ్లు హిందీలో మాట్లాడతారు. అంకెలు మాత్రం అందరూ చదువుతారు. కొలత కూడా ఎప్పుడూ మి.మీ. లోనే చెప్పండి. ఒకరు అంగుళాలు, సూతుల్లోనూ మరొకరు సెంటీమీటర్లలోనూ చెబుతుంటే పైపు పాడవడం ఖాయం.

2. సైట్లో కొలవండి, పొడవు కట్టండి

కింద బోర్డు నుంచి నిలువుగా 500 మి.మీ. లేచి, గోడ వెంట 800 అడ్డంగా వెళ్లాలనుకుందాం. రెండూ వంపు బయటి వీపు వరకు కొలిచినవే కావాలి. పైపు వీపు గోడకి ఆనుకుంటుందా, సాడిల్ (పైపుని గోడకి పట్టి ఉంచే క్లిప్పు) కింద బేస్ ప్లేటు ఉందా చూసుకోండి. బేస్ మందం మర్చిపోతే అంతే తేడా వస్తుంది.

కోయాల్సిన పొడవు: 500 + 800 − 68 = 1232 మి.మీ. బాక్సులోకి వెళ్లే మరల పొడవు మీ కొలతలో లేకపోతే అది కలపండి.

గుర్తు పెట్టాల్సిన చోటు: 500 − 112 = 388 మి.మీ., నిలువు కాలు చివర నుంచి.

3. కోయండి, అంచు తీయండి, మర వేయండి

హాక్సా కోత నిటారుగా రావాలి. పైపు చుట్టూ దళసరి కాగితం చుట్టి, దాని అంచు వెంట గీత గీసుకుంటే కోత వంకర పోదు. కోశాక లోపలి అంచు మీద వేలు పెట్టకండి, బ్లేడులా కోస్తుంది. రీమర్‌తోనో గుండ్రటి ఆకురాయితోనో లోపలి బర్ (కోతకి లేచిన పదునైన అంచు) పూర్తిగా తీసేయండి. ఇది మీ వేలి కోసమే కాదు. రేపు వైరు లాగేటప్పుడు ఆ అంచు ఇన్సులేషన్‌ని గీకేస్తుంది, అప్పుడు పైపుకే కరెంటు వస్తుంది.

కాలు పొట్టిగా ఉంటే మర ముందే వేయండి. వంచాక డై హ్యాండిల్ తిప్పబోతే రెండో కాలికి తగులుతుంది. మర పొడవు 11 నుంచి 27 మి.మీ. మధ్య ఉండాలి. అవసరానికి మించి వేసిన మర బయట మిగిలి తుప్పు పడుతుంది. వంచేటప్పుడు మర ఉన్న భాగం ఫార్మర్‌లోకి రాకుండా చూడండి, మర దగ్గర గోడ పలచన కాబట్టి అక్కడే చీలుతుంది.

4. గుర్తులు పెట్టండి

388 దగ్గర పైపు చుట్టూ పూర్తిగా గీత గీయండి. చిన్న చుక్క పెడితే మెషిన్‌లో పెట్టేసరికి అది కిందికి తిరిగి కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు ఎల్ యాంగిల్ తీసుకోండి. పైపుని నేల మీద కదలకుండా ఉంచి, యాంగిల్‌ని బోర్లించి పైపు మీద పెట్టండి. దాని రెండు రెక్కలూ పైపుకి ఆనుకుని నిలబడతాయి. ఒక రెక్క అంచు వెంట మార్కర్ లాగితే పైపు పొడవునా తిన్నటి గీత వస్తుంది. ఒకే వంపుకి ఇది అంత అవసరం లేదు. రెండు వంపులు వేసే పైపుకి మాత్రం ఈ గీతే ఆధారం, మెలి పడకుండా చూసేది ఇదే.

5. మెషిన్‌లో పెట్టండి

పైపు మీద పొడవునా సన్నటి అతుకు గీత ఉంటుంది. దాన్ని పక్కకి తిప్పండి. వంపు లోపలికో బయటికో వస్తే అతుకు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. చుట్టు గీతను గాటుకి కలపండి. రోలర్ లేదా గైడు పైపుకి ఆనేలా బిగించండి. అక్కడ వదులు వదిలితే లోపలి వైపు ముడతలు వస్తాయి.

వంచే ముందు పైపు రెండో చివర ఎటు లేస్తుందో చూడండి. పొడుగు పైపు తిరిగేటప్పుడు పక్కనున్న మనిషి మొహానికో, పైన లైటుకో, తెరిచి ఉన్న ప్యానెల్‌కో తగలొచ్చు. కరెంటున్న ప్యానెల్ దగ్గర పైపు వంచకండి. మెషిన్‌ని దూరంగా లాక్కుపోండి.

6. వంచండి

ఒకే ఊపున లాగకండి. నెమ్మదిగా, ఆగకుండా, ఒకే బలంతో వంచండి. చేతి బెండర్ అయితే అసలు బలం కాలిదే. బెండర్ మీద పాదంతో గట్టిగా తొక్కి పట్టాలి, చెయ్యి హ్యాండిల్‌ని నడిపించడానికి. తొక్కు వదిలేసి హ్యాండిల్ మాత్రమే లాగితే పైపు ఫార్మర్ నుంచి లేచి అక్కడే సొట్ట పడుతుంది.

వదిలాక పైపు కొద్దిగా వెనక్కి వస్తుంది. అందుకే 90 కావాలంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వంచి వదలండి. ఎంత ఎక్కువ వంచాలో ప్రాక్టీసు ముక్క మీద తేల్చుకోండి. జీఐ పైపుకీ నల్ల ఎనామెల్ పైపుకీ, ఒక కంపెనీ సరుక్కీ ఇంకో కంపెనీ సరుక్కీ ఇది మారుతుంది. కొత్త కట్ట విప్పినప్పుడల్లా ఒక ముక్క వంచి చూడటం మంచిది.

తక్కువైతే పైపు తీయకుండానే ఇంకొంచెం వంచండి. ఎక్కువైతే వైస్‌లో పట్టి ఒక్కసారి వెనక్కి లాగండి. రెండు మూడు డిగ్రీలకి ఇది పనిచేస్తుంది. అదే చోట ముందుకీ వెనక్కీ పదేపదే వంచితే గోడ బీటలు వారుతుంది.

7. బిగించే ముందు చూడండి

మూలమట్టంతో కోణం చూడండి. రెండు కాళ్లూ కొలవండి: 500, 800. రెండు మూడు మి.మీ. లోపు తేడా అయితే బాక్సు దగ్గర సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువైతే మీరు తీసిన నెంబరు తప్పో, గీత గాటుకి సరిగ్గా కలవలేదో తేల్చుకున్నాకే రెండో పైపు మొదలుపెట్టండి.

తర్వాత గోళీ పరీక్ష. 25 మి.మీ. కండ్యూట్ లోపల సుమారు 21.8 మి.మీ. ఖాళీ ఉంటుంది. పిల్లలు ఆడుకునే 16 మి.మీ. గోళీని ఒక చివర వేసి పైపుని వాల్చుతూ దొర్లించండి. ఆగకుండా రెండో చివర నుంచి బయట పడాలి. వంపు దగ్గర ఆగితే అక్కడ పైపు నొక్కుకుపోయినట్టే, ఆ పైపు పక్కన పెట్టేయండి. 20 మి.మీ. పైపుకి 12 మి.మీ. బేరింగు గుండు వాడండి.

చివరగా వంపు లోపలి వైపు బొటనవేలితో తడమండి. నున్నగా ఉండాలి. సన్నటి ముడత తగిలితే అది అందం సమస్య అనుకోకండి, లోపల వైరు గీసుకునేది ఆ ముడతకే.

గోడ నుంచి బాక్సుకి మెట్టు (ఆఫ్‌సెట్)

పైపు గోడకి అంటుకుని వస్తుంది, బాక్సు రంధ్రం మాత్రం ముందుకి ఉంటుంది. అక్కడ రెండు చిన్న వంపులు కావాలి. రెండు గుర్తుల మధ్య దూరం ఎంతో ఈ లెక్క చెబుతుంది (ఎత్తు అంటే పైపు గోడ నుంచి ఎంత ముందుకి జరగాలో అది):

- 15 డిగ్రీలు: ఎత్తు × 3.86
- 22.5 డిగ్రీలు: ఎత్తు × 2.61
- 30 డిగ్రీలు: ఎత్తు × 2
- 45 డిగ్రీలు: ఎత్తు × 1.41

కొత్తవాళ్లు 30తో మొదలుపెట్టండి, రెండింతలు కాబట్టి నోటి లెక్క సరిపోతుంది. 60 మి.మీ. ఎత్తు కావాలంటే గుర్తుల మధ్య 120. పైపు ఏటవాలుగా ఎక్కుతుంది కాబట్టి మొత్తం పొడవు కొంచెం తగ్గుతుంది. 30 డిగ్రీలకి ఎత్తులో 27 శాతం, అంటే 60కి 16 మి.మీ. అంత పైపు ఎక్కువ పెట్టుకోండి. 45 అయితే 41 శాతం తగ్గుతుంది. ఎత్తు 25, 30 మి.మీ. మాత్రమే అయితే 15 డిగ్రీలు చాలు. వైరు కూడా సులువుగా జారుతుంది.

మొదటి వంపు వేశాక పైపుని ముందుకి జరిపి, సరిగ్గా సగం చుట్టు తిప్పి, రెండో గుర్తు గాటుకి కలపాలి. ఈ సగం చుట్టు దగ్గరే అందరికీ టెన్షన్. యాంగిల్‌తో గీసిన పొడవు గీత మొదటి వంపుకి సరిగ్గా పైన ఉంటే, రెండో వంపుకి సరిగ్గా కింద ఉండాలి. కింద కనిపించదు కాబట్టి మొదట్లోనే ఎదురెదురుగా రెండు గీతలు గీసుకోండి. మొదటి వంపుకి ఒకటి పైన, రెండో వంపుకి ఇంకోటి పైన.

చెక్ చేయడానికి, వంచిన పైపుని సమంగా ఉన్న గ్రానైటు మీదో ప్లైవుడ్ మీదో పక్కకి పడుకోబెట్టండి. పొడవంతా ఆనితే మెలి లేదు. ఒక చివర గాలిలో లేస్తే మెలి పడింది. కొంచెమే అయితే ఒక కాలు వైస్‌లో పట్టి రెండో కాలుని తిప్పి సరిచేయొచ్చు. ఎక్కువైతే వదిలేయండి. గోడ మీద సాడిల్ బిగించి బలవంతంగా కూర్చోబెడదామనుకోవద్దు, కొన్నాళ్లకి సాడిల్ స్క్రూ ఊడి వస్తుంది.

దారిలో ఇంకో పైపు అడ్డొస్తే మధ్యలో 45, రెండు పక్కల 22.5 చొప్పున మూడు వంపులు వేసి దాటించండి. మధ్య గుర్తు నుంచి పక్క గుర్తులు ఎత్తుకి రెండున్నర రెట్ల దూరంలో ఉంటాయి. ఆఫ్‌సెట్ బాగా వచ్చాకే ఇది ప్రయత్నించండి.

మెషిన్ లేకపోతే

20 మి.మీ. వరకు దళసరి చెక్క దిమ్మెతో వంచొచ్చు. పైపు పట్టేంత రంధ్రం చేసి, దాని అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా చేసుకోండి. పైపు దూర్చి కొంచెం వంచడం, రెండు సెంటీమీటర్లు జరపడం, మళ్లీ కొంచెం వంచడం. ఒకే చోట ఎక్కువ వంచితే సొట్టే. కొలత అంత కచ్చితంగా రాదు, కాబట్టి ఒక కాలు పొడుగ్గా ఉంచి వంచాక కోసుకోండి.

కొందరు ఇసుక నింపి మంట పెట్టి వంచుతారు. ట్రైనీగా మీరు దాని జోలికి వెళ్లకండి. జీఐ పైపు కాలితే జింకు పొగ వస్తుంది, పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. ఇసుకలో తడి ఉండి చివరలు మూసి ఉంటే ఆవిరి పట్టి చివర బిరడా తుపాకీ గుండులా వస్తుంది. ఎనామెల్ పైపు కాలితే పూత పోయి తుప్పు పడుతుంది. వంచడం కుదరని చోట రెడీమేడ్ బెండో, ఇన్‌స్పెక్షన్ బాక్సో పెట్టమని సూపర్‌వైజర్‌ని అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు.

బిగించేటప్పుడు

ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సు దాకా మొత్తం వంపులు నాలుగు 90 డిగ్రీలకి, అంటే 360కి మించకూడదు. ఆఫ్‌సెట్ వంపులు కూడా లెక్కలోకి వస్తాయి. రెండు 30లు కలిపితే 60. దాటుతోందనిపిస్తే మధ్యలో ఒక బాక్సు పెట్టండి. వంపు రేడియస్ 75 మి.మీ. కంటే తగ్గకూడదు. సాడిళ్లు మీటరుకి ఒకటి, వంపుకి కప్లర్‌కి రెండు పక్కలా 300 మి.మీ. దగ్గర ఒక్కొక్కటి.

ఒక సర్క్యూట్ ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే స్టీల్ పైపులో వెళ్లాలి. ఫేజు ఒక పైపులో, న్యూట్రల్ ఇంకో పైపులో వేస్తే ఇనుము వేడెక్కుతుంది. పైపు ఇనుముదే కదా అని ఎర్తు వైరు మానేయకండి. ఎర్తు వైరు విడిగా వేయాలి, పైపుని కూడా ఎర్తుకి కలపాలి.

బయట మిగిలిన మరలకి, వంచేటప్పుడు పూత లేచిన చోట్లకి తుప్పు పట్టని పెయింటు వేయండి. బాక్సు లోపల లాక్ నట్, బుష్ రెండూ బిగించండి. వైర్లు వేసే రోజు దూరంగా ఉంటే లాగుడు వైరు ఒకటి లోపల వదిలి, తెరిచి ఉన్న చివరలన్నీ మూతలతో మూసేయండి. మూతల్లేకపోతే కనీసం టేపు చుట్టండి. ప్లాస్టరింగ్ వాళ్లు వచ్చి వెళ్లాక పైపు లోపల గట్టిపడిన సిమెంటు తీయడం, ఆ పైపు మళ్లీ వంచడం కంటే కష్టం.